ట్రాన్స్‌ఫార్మర్‌ని అడిగినారా?

మా ఏర్పేడు చుట్టుపక్కల మైకుసెట్టు వాల్వు పెట్టెలను ఒక కాలంలో పాత సామాన్ల బండికి తూకానికి వేసేసినారు. ట్రాన్స్‌ఫార్మర్లు విప్పి రాగితీగను కిలోల లెక్కన అమ్ముకున్నారు. వాల్వులను పిల్లకాయలు గోడకేసి కొట్టి, టప్పుమని పగిలితే ఈలలేసినారు. ఇప్పుడేమో అట్లాంటి వాల్వులే స్లొవేకియా నుంచి, రష్యాలోని సరతోవ్ నుంచి, చైనా నుంచి అట్టపెట్టెల్లో దిగుతా ఉండాయి. జత వేల రూపాయలు. కొనుక్కున్న పిల్లోడు దాన్ని చేతిరుమాలుతో పట్టుకుని, వెలుతురుకు ఎత్తి చూసి, ఫోటో తీసుకుని, అప్పుడు సాకెట్లో పెడతాడు.

పెట్టుకోనీ. వాల్వుకు మళ్లీ మర్యాద వచ్చిందంటే నాకూ సంతోషమే. నాకు గిట్టనిదల్లా ఒకటే. ఈ కాలం పిల్లోళ్లకు సర్క్యూట్ తెలుసు, లెక్క తెలుసు, పేరున్న ప్రతి అమెరికా ఆంప్లిఫయర్ జాతకం తెలుసు. పెట్టె మూత తీసినాక మొదట అడగాల్సిన మాట మాత్రం అడగరు. ఈ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఇంకా మిగులు ఎంత ఉండాది? ఆ ఒక్క మాట.

మా రోజుల్లో ఆ మాట అడక్కుండా ఐరన్ వేడిచేసింది లేదు. ఎందుకంటే మాకు ప్రీఆంప్ అంటే షాపులో కొనే వస్తువు కాదు. ఉన్న ఆంప్లిఫయర్ కడుపులోంచి కరెంటు అప్పు తీసుకుని బతికే పెట్టె అది. అప్పు ఇచ్చేవాడి దగ్గర ఎంతుందో తెలియకుండా అప్పు ఎట్ల అడుగుతాం?

ఆ పెట్టెల అవసరం ఎందుకొచ్చిందో చెప్తా. ఎండాకాలం వస్తే మా చిత్తూరు జిల్లాలో (2022 ఏప్రిల్ 4 నుంచి ఏర్పేడు తిరుపతి జిల్లా అంట, నా నోటికింకా పాత పేరే వస్తాది) ధర్మరాజుల గుళ్ల దగ్గర మహాభారతం పెడతారు. పగలు హరికథ, రాత్రి తెల్లవార్లూ నాటకం. అర్జునుడు తపస్సు మాను ఎక్కి పద్యాలు పాడతాడు, చివరన దుర్యోధన వధ, అగ్నిగుండం. పక్క ఊరికి కూడా వినపడాలని మైకు కడతారు. ఆ మైకుసెట్టు వెనకాల ఉండేవి మైకులకు రెండు రంధ్రాలు, గ్రామఫోన్ పికప్‌కు ఒక రంధ్రం. అంతే. హరికథ దాసుగారికి ఒక మైకు, హార్మోనియానికి ఒకటి పెడితే మృదంగానికి చోటు లేదు. మాను మీదికి ఇంకొకటి కావాలంటే ఏదో ఒకటి పీకాల్సిందే.

నాటకాల వాళ్లు సర్దుకునేవాళ్లు. తంటా అంతా ఆర్కెస్ట్రా పార్టీలతో వచ్చింది. పెళ్లిళ్లకు, తిరునాళ్లకు సినిమా పాటలు పాడే పార్టీలు తిరుపతి నుంచి, మద్రాసు నుంచి రావడం మొదలైనాక, వాళ్లతోబాటు గిటార్ వచ్చింది. కలకత్తాలో చేసిన గివ్సన్ గిటారు, దానికి స్క్రూలతో బిగించిన పికప్పు. దాన్ని మైకు రంధ్రంలో పెడితే బర్రుమని అరుస్తాది. గ్రామఫోన్ రంధ్రంలో పెడితే మూలుగుతాది. మైకు రంధ్రం వెనకాల వాల్వు మిల్లీవోల్టులను పెంచడానికి పెట్టింది. గిటార్ పికప్పు గట్టిగా మీటితే 100 మిల్లీవోల్టులకు పైనే ఇస్తాది, ఆ వాల్వు తట్టుకోలేదు. గ్రామఫోన్ రంధ్రానికేమో ఆ మాత్రం చాలదు. రెండింటికీ మధ్యన సరిపోయే మెట్టు ఒకటి కట్టాల. అదే మేం చేసిన ప్రీఆంప్.

ఆ బర్రును తీసేయడానికి మేం పడిన పాట్లు అన్నీ ఇన్నీ కావు. ఈ కాలంలో అదే బర్రు కావాలని డబ్బులిచ్చి కొంటారు. కాలికింద పెట్టి తొక్కే పెట్టెలు, దాంట్లో పచ్చదీ ఎర్రదీ రకాలు! మా ఊర్లో పెళ్లిలో ఆ మోత వస్తే పెళ్లికొడుకు మేనమామ స్టేజి దగ్గరికి పరిగెత్తుకుని వచ్చేవాడు.

సామాను మద్రాసు నుంచి తెస్తిమి. సప్తగిరి రైలెక్కి దిగితే రిచీ స్ట్రీట్, పాత సామానుకు మూర్ మార్కెట్. ఆ మార్కెట్ 1985లో కాలిపోయింది, దాంతోబాటు ఎన్ని వాల్వు సాకెట్లు, ఎన్ని మంచి అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్లు పోయినాయో ఎవరు లెక్కపెట్టినారు! వాల్వులకు మాత్రం విదేశం వైపు చూసే పని లేదు. బెంగళూరు జాలహళ్లిలో బీఈఎల్ వాళ్లు 1961 నుంచే రేడియో వాల్వులు చేస్తా ఉండిరి. ఈసీసీ 83 కావాలన్నా ఈఎల్ 84 కావాలన్నా బీఈఎల్ గుర్తుతోనే దొరికేది. ఈ మాట చెప్తే ఇప్పటి పిల్లోళ్లు నమ్మరు. మన దేశంలో వాల్వు చేసినారా అని నోరెళ్లబెడతారు. పక్క రాష్ట్రంలో చేసినారు నాయనా, మీ తాతలు వాడినారు.

ఇక అసలు సంగతి. వెంకటగిరి రోడ్డులో ఐఐటీ, శ్రీనివాసపురం దగ్గర ఐసర్ వచ్చినాక మా ఊరి బస్టాండులో గిటార్ వీపున వేసుకున్న పిల్లోళ్లు కనపడతా ఉండారు. వాళ్లలో ఒకడు, ఎవరు చెప్పినారో ఏమో, నా దగ్గరికి ఒక పెట్టె మోసుకొచ్చినాడు. గిటార్‌కు వాడే వాల్వు పవర్ ఆంప్లిఫయర్. లోపల రెండు ఈఎల్ 34లు, వాటి ముందర ఫేజు విడదీయడానికి ఒక ఈసీసీ 83. ఇంకో చేతిలో వాడు సొంతంగా కట్టిన ప్రీఆంప్, రెండు ఈసీసీ 83లతో. పని చక్కగా ఉండాది, అబద్ధం చెప్పకూడదు. తీగలన్నీ వరసగా, సోల్డరింగ్ మెరుస్తా ఉండాది.

"అంకుల్, ఈ ప్రీఆంప్‌కి పవర్ ఆంప్ నుంచే సప్లై తీసుకోవచ్చా?" అన్నాడు.

తాత వయసు నాది, అంకుల్ అంట. సరే పోనీ.

"ట్రాన్స్‌ఫార్మర్‌ని అడిగినావా నాయనా?"

వాడు నవ్వినాడు. జోకు అనుకున్నాడు.

"హెచ్.టి. ఎంత వస్తా ఉండాది?" హెచ్.టి. అంటే వాల్వులను నడిపే పెద్ద వోల్టేజీ.

"420 వోల్ట్స్ అంకుల్. ప్రీఆంప్‌కి 300 చాలు. సిమ్యులేషన్‌లో రెసిస్టర్ వాల్యూ వచ్చేసింది."

వచ్చేస్తాది. అది సులభం. ఒక్కో ట్రయోడు మిల్లీఆంపు చిల్లర తాగుతాది. రెండు వాల్వుల్లో నాలుగు ట్రయోడులు, నాలుగు మిల్లీఆంపులు అనుకో. 120 వోల్టులు దించాల, అంటే 30 కిలో ఓములు. అర వాటు వేడి పుడతాది, కాబట్టి రెండు వాట్ల రెసిస్టెన్సు వేస్తే పదికాలాలు ఉంటాది. దాని వెనకాల 22 మైక్రోఫారడ్ కండెన్సరు. నాలుగు మిల్లీఆంపులంటే అంత పెద్ద ట్రాన్స్‌ఫార్మర్‌కు దురద కూడా పుట్టదు. పిల్లోళ్లు ఆడికే ఆగిపోతారు. హెచ్.టి. ఇవ్వగలిగిందా, ఇచ్చింది, అయిపోయింది అనుకుంటారు.

దెబ్బ కొట్టేది ఫిలమెంటు. ఈఎల్ 34 ఒక్కొక్కటి 6.3 వోల్టుల దగ్గర ఒకటిన్నర ఆంపియరు తింటాది. రెండుకు మూడు. ఫేజు వాల్వుకు 0.3. మొత్తం 3.3 ఆంపియర్లు. దీనిపైన వీడి రెండు ఈసీసీ 83లు ఇంకో 0.6 అడుగుతాయి. వైండింగు 4 ఆంపియర్లదయితే అంచు మీద సరిపోతాది. మూడున్నరదయితే చెరువులో నీళ్లు చూసుకోకుండా మడి దున్నినట్టే. మరి ఏ వైండింగో ఎట్ల తెలుస్తాది? ట్రాన్స్‌ఫార్మర్ మీద చాలామంది రాయరు. ఉన్న వాల్వులన్నీ పెట్టి, పూర్తిగా వేడెక్కినాక సాకెట్ దగ్గర మీటర్ పెట్టి చూడాల. 6.3 నుంచి 6.4 చూపిస్తే ఇంకాస్త ఓపిక ఉన్నట్టు. వీడిది చూస్తే కొత్త వాల్వులు పెట్టకముందే 6.1. వాటిని కూడా తగిలిస్తే ఆరు కిందికి పడిపోతాది. వాల్వు చల్లగా మండితే ఇచ్చే ఊపు తగ్గుతాది, పనితనం పోతాది. గంట నడిపినాక ట్రాన్స్‌ఫార్మర్ వార్నిషు వాసన కూడా వస్తాది.

మా కాలంలో ఇట్లాంటి చోట ఏం చేస్తిమంటే, హెచ్.టి. మాత్రం పెద్ద పెట్టె దగ్గర తీసుకుని, ఫిలమెంటుకు 6.3 వోల్టులు, ఒక ఆంపియరు చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌ను విడిగా చుట్టించి ప్రీఆంప్‌లో పెడితిమి. మా పక్కన చుట్టేవాళ్లు ఉండిరి. తిరుపతిలో చేత్తో తిప్పే చక్రం పెట్టుకుని, చుట్లు నోటితో లెక్కపెట్టుకుంటా, మధ్యలో ఎవరన్నా పలకరిస్తే తిట్టేవాళ్లు. ఇప్పుడు చుట్టేవాడు యాడ? ఫ్యాన్ మోటారు చుట్టేవాడే దొరకడం లేదు.

నేను ఈ మాట చెప్తే పిల్లోడు ఏమన్నాడో తెలుసా? "12 వోల్ట్స్ అడాప్టర్ పెడితే సరిపోతుంది కదా అంకుల్, సిరీస్‌లో హీట్ చేస్తా" అన్నాడు. ఈసీసీ 83ని 12.6 వోల్టులకు కూడా కట్టొచ్చు, అప్పుడు 0.15 ఆంపియరే తీసుకుంటాది. 12 వోల్టులంటే హద్దులోనే ఉన్నట్టు. పైగా అది డీసీ, ఫిలమెంటు హమ్ము కూడా పోతాది. పనిచేస్తాది. నాకు తోచలేదు కాబట్టి కోపమొచ్చింది. కాకపోతే ఆ అడాప్టర్లు లోపల కీచుమని కొట్టుకునే రకం, ఆ కూత ప్రీఆంపులోకి దూరకుండా కట్టడి చేయాల. అడాప్టర్ విప్పి చూసినావా అంటే, విప్పడానికి స్క్రూలు లేవంట. అతికించేసినారంట. ఇదీ ఈ కాలం.

ఇంకొకటి. ప్రీఆంప్ చివర వాడు క్యాథోడ్ ఫాలోవర్ పెట్టినాడు. తీగ పొడుగున్నా పైస్థాయి సన్నాలు చచ్చిపోకుండా ఉండడానికి. మంచిదే. కానీ ఆ వాల్వు క్యాథోడ్ 150 వోల్టులకు పైన కూర్చుంటాది. ఈసీసీ 83లో క్యాథోడుకు, ఫిలమెంటుకు మధ్యన 180 వోల్టులకు మించి తేడా ఉండకూడదు. ఫిలమెంటు భూమికి కట్టేసి ఉంటే అది అంచు. మేమైతే హెచ్.టి. నుంచి రెండు రెసిస్టెన్సులతో అరవై డెబ్భై వోల్టులు చేసి, ఫిలమెంటు మొత్తాన్ని ఆ ఎత్తుకు లేపితిమి. తేడా తగ్గేది, హమ్ము కూడా అణిగేది. అడాప్టర్‌ను అట్లా లేపితే దాని లోపలి ఏర్పాటు ఒప్పుకుంటాదో లేదో అని వాడు ఆలోచనలో పడినాడు. ఆలోచించనీ. వాడు ఆలోచించిన మొదటి మంచి ప్రశ్న అదే.

నేను గట్టిగా కసిరింది మాత్రం కండెన్సరు దగ్గర. హెచ్.టి. 300 కదా అని 350 వోల్టుల కండెన్సరు వేసినాడు. ఏమప్పా, స్విచ్చి వేసిన వెంటనే వాల్వులు వేడెక్కి ఉంటాయా? వేడెక్కేదాకా అవి ఒక్క మిల్లీఆంపు కూడా తాగవు. తాగకపోతే 30 కిలో ఓముల మీద ఏమీ దిగదు. అంటే ఆ పది పదిహేను సెకన్లు నీ కండెన్సరు మీద పెద్ద పెట్టె మొత్తం వోల్టేజీ. పెట్టెలో వాల్వు రెక్టిఫయర్ బదులు డయోడులు ఉన్నాయి, ఈఎల్ 34లు కూడా అప్పుడు చల్లగానే ఉంటాయి, కాబట్టి అది 420 కూడా కాదు, ఇంకా పైనే. 450 కండెన్సరు కూడా చాలదు, 500ది వెయ్యాల. కంప్యూటర్లో వాల్వులు ఎప్పుడూ వేడిగానే ఉంటాయి, అందుకే అది వీడికి చెప్పలేదు. మాకు చెప్పింది కండెన్సరే. పగిలి, తెల్లటి పొగతో, గది నిండా అట్టముక్కలు చల్లి చెప్తాది. ఒకసారి విన్నవాడు మరిచిపోడు.

పొగ సంగతి వచ్చింది కాబట్టి ఇదీ చెప్తా. వాడి పెట్టెలో హెచ్.టి. కండెన్సరుకు అడ్డంగా బ్లీడరు రెసిస్టెన్సు లేదు. ప్లగ్గు పీకేసినాక కూడా ఆ కండెన్సరు 400 వోల్టులు కడుపులో పెట్టుకుని కూర్చుంటాది. 220 కిలో ఓములు, రెండు వాట్లది ఒకటి వేయించినా. మా రోజుల్లో మెకానిక్కులు కొందరు స్క్రూడ్రైవర్‌ను అడ్డం పెట్టి ఫట్టుమని కొట్టేవాళ్లు, అది మొగతనం అనుకునేవాళ్లు. కండెన్సరు పాడు, స్క్రూడ్రైవర్ మొన పాడు. రెసిస్టెన్సుకు రెండు క్లిప్పులు కట్టి మెల్లిగా దించి, మీటర్‌తో చూసుకుని, అప్పుడు చెయ్యి పెట్టాల. ఎడమ చెయ్యి వెనక్కి. వాడికి ఎడమ చెయ్యి వెనక్కి పెట్టమంటే సిగ్గుపడినాడు.

కరెంటును ఒక పెట్టె నుంచి ఇంకో పెట్టెకు పంపే ప్లగ్గు మాది ఎట్లా ఉండేదో చూపిస్తే మాత్రం వాడి కళ్లు పెద్దవైనాయి. చచ్చిపోయిన ఎనిమిది కాళ్ల వాల్వు ఉంటాది చూడు, దాని గాజును గుడ్డలో చుట్టి పగలగొట్టి, కింది అడుగును శుభ్రం చేసి, కాళ్లలోకి తీగలు దించి సోల్డర్ చేస్తిమి. అదే ప్లగ్గు. పవర్ ఆంప్లిఫయర్ వెనకాల వాల్వు సాకెట్ ఒకటి బిగిస్తే సరిపోయే. నియమం ఒకటి ఉండాది. హెచ్.టి. ఎప్పుడూ సాకెట్ వైపే ఉండాల, కాళ్ల వైపు ఉండకూడదు. తీగ ఊడిపడినా కాలు ముట్టుకున్నవాడు బతకాల. ఇది మేం కనిపెట్టిన విద్యేమీ కాదు. ఇంగ్లండులో 1953లో వచ్చిన క్వాడ్ టూ ఆంప్లిఫయర్ వెనకాల, దాని కంట్రోల్ పెట్టెకు, రేడియో ట్యూనర్‌కు కరెంటు ఇచ్చే సాకెట్లు కంపెనీయే పెట్టి అమ్మింది. అది చేసినవాడు మిగులు ముందే లెక్కేసి ట్రాన్స్‌ఫార్మర్ చుట్టించినాడు. అమెరికాలో రాండాల్ స్మిత్ అనే మెకానిక్కు చిన్న ఫెండర్ ప్రిన్స్‌టన్ పెట్టెలో పెద్ద బాస్‌మాన్ పవర్‌ను కుక్కి, తర్వాత ముందర ఇంకో ప్రీఆంప్ మెట్టు కూడా కలిపి బూగీ కంపెనీ పెట్టుకున్నాడు. ఆయన కూడా చిన్న పెట్టెలోకి పెద్ద ట్రాన్స్‌ఫార్మర్‌ను ఎక్కించుకున్నాడు. ఊరికే వాల్వులు పెంచుకుంటా పోలేదు.

అన్నీ సరిచేసి స్విచ్చి వేస్తే మోత వచ్చింది. వాడు మొహం వేలాడేసినాడు. ఏం మోత అని అడిగితే "హమ్" అంటాడు. హమ్ములో కూడా జాతులుండాయి నాయనా! 50 సైకిళ్ల మోత లావుగా, కిందినుంచి బుయ్‌మంటాది. అది ఫిలమెంటు తీగ నుంచి గానీ భూమి తీగ చుట్టు తిరగడం వల్ల గానీ వస్తాది. 100 సైకిళ్లది కొంచెం పైస్థాయిలో, గరగరగా ఉంటాది. అది రెక్టిఫయర్ వెనకాల వడపోత చాలక వచ్చేది. వాడు ఫోన్ తీసి, దాని మైకుతో మోతను పట్టి, తెర మీద గీతలు చూపించి, "50 దగ్గర పీక్ ఉంది అంకుల్" అన్నాడు. నేను విన్న వెంటనే చెప్పినా, వాడికి ఫోన్ చెప్పింది. ఇద్దరిదీ ఒకే జవాబు. నాకు దాంట్లో గొప్పేమీ మిగల్లేదు.

అడాప్టర్ ఆలోచన వాడే మానుకుని, ఫిలమెంటుకు చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకున్నాడు. దానికోసం రెండు పెట్టెలకూ మూడుకాళ్ల ప్లగ్గులు వేసినాడు. సిగ్నల్ తీగ కవచం ఒక భూమి, ప్లగ్గు ఇంకో భూమి, రెండూ కలిసి చుట్టు అయింది. ఎర్తు పీకేద్దామా అన్నాడు. ఈ ఒక్క మాటకు మాత్రం నిజంగానే తిట్టినా. 400 వోల్టుల పెట్టెకు ఎర్తు పీకితే మోతతోబాటు మనిషి కూడా పోతాడు. ప్రీఆంప్‌కు విడి ప్లగ్గు తీసేసి, చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌కు 230 వోల్టులు పెద్ద పెట్టె స్విచ్చి తర్వాత నుంచే తెచ్చి, భూమిని ఒకే చోట, పెద్ద కండెన్సరు కాలు దగ్గర కలిపినాం. మోత ఆగిపోయింది. చెవి స్పీకర్‌కు ఆనిస్తే చిన్న బుస మాత్రం. చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఎవరో చుట్టి పంపించినారంట, కొరియర్‌లో. చుట్లు శుభ్రంగానే ఉండాయి.

వాయించినాడు. బాగానే వాయించినాడు, ఆ బర్రు ఒకటి తప్పితే. నా పాత పన్నెండు అంగుళాల స్పీకర్ కాగితం అదిరింది, వీధిలో పోయేవాళ్లు నిలబడినారు. శానా ఏండ్ల తర్వాత మా ఇంటి ముందర పిల్లకాయలు గుమిగూడినారు.

తర్వాతి వారం వాడి ఫోన్ వచ్చింది. ఆంప్ బ్రహ్మాండంగా పలుకుతా ఉండాదంట. హాస్టల్లో గట్టిగా పెట్టనివ్వరు కాబట్టి, స్పీకర్‌కు బదులుగా లోడ్ బాక్స్ అని ఒకటి కొని తగిలించి, హెడ్‌ఫోన్లో వింటా ఉండాడంట. రెండు ఈఎల్ 34లు, నలభై వాట్లు, అంతా ఒక పెట్టెలో వేడిగా కాల్చేసి, చెవిలో దోమంత శబ్దం! లోడు లేకుండా మాత్రం ఎప్పుడూ నడపొద్దు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ లోపల నిప్పురవ్వ ఎగిరి కాలిపోతాది అని చెప్పినా. "తెలుసు అంకుల్" అన్నాడు. ఇంకో వాల్వు పెట్టి రివర్బ్ కలుపుదామనుకుంటా ఉండాడంట.

చిన్న ట్రాన్స్‌ఫార్మర్ మీద ఒక ఆంపియరు అని రాసి ఉండాది, అందులో 0.6 పోయింది. మిగతాది ఎంతో వాడినే చెప్పమన్నా.